ఇటుక బొమ్మల్లో కంప్రెసర్

సెలవు మీద ఊరికి పోయే సోదరులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "పిల్లలకు ఏం కొనుక్కుపోవాలె?" చాక్లెట్లు, సెంటు సీసాలు, రిమోట్ కారు అందరూ తీసుకుపోయేవే. రిమోట్ కారు నాలుగో రోజుకు గోడకు తగిలి పగులుతుంది, లేకపోతే బ్యాటరీ అయిపోయి బీరువా మీదికి చేరుతుంది. ఈ వారం ఇంకో రకం బొమ్మ గురించి రాస్తున్నాం. ఇది మన పనికి దగ్గరి చుట్టం. సైటులో కంప్రెసర్ దగ్గర నిలబడ్డవాళ్ళకు, బ్రేకర్ పట్టినవాళ్ళకు, ట్రెయిలర్ నడిపేవాళ్ళకు చూడగానే అర్థమైపోయే బొమ్మ. లెగో ఇటుకలతో కట్టి, గాలితో నడిపే యంత్రాలు అన్నమాట.

లెగో పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మాల్స్‌లో అద్దాల వెనక రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకలు కనిపిస్తాయి. దుబాయ్‌లో 2016 నుంచి లెగోలాండ్ అనే పార్కే ఉంది. ఆ కంపెనీ మొదలుపెట్టిన ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ డెన్మార్క్‌లో బిలుండ్ అనే ఊళ్ళో వడ్రంగి. 1930లలో మాంద్యం వచ్చి ఇళ్ళు కట్టించేవాళ్ళు లేక పని పడిపోతే, 1932లో చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. షట్టరింగ్ కార్పెంటర్ సోదరులు గమనించాలి, పని ఆగినప్పుడు చేతిలోని విద్యను ఇంకో దారికి మళ్ళించిన మనిషి ఆయన. ఒకదాని మీద ఒకటి పట్టుకుని నిలబడే ఈనాటి ప్లాస్టిక్ ఇటుకకు 1958లో పేటెంట్ తీసుకున్నారు. 1977లో గేర్లు, ఇరుసులు ఉన్న టెక్నిక్ రకం వచ్చింది. 1984లో అందులో గాలి సిలిండర్లు చేరాయి. మన కథ అక్కడే మొదలవుతుంది.

ఆ పెట్టెలో ఉండే సామాను చూస్తే నవ్వొస్తుంది, అంతా మన సైటు సామానే. చేత్తో నొక్కే పంపు ఒకటి, అదే కంప్రెసర్. చిన్న ట్యాంకు ఒకటి, అదే రిసీవర్. మీట ఉన్న వాల్వు, సన్నటి ట్యూబులు, లోపల పిస్టన్ ఉన్న సిలిండరు. సిలిండరుకు రెండు నోళ్ళు. కింది నోట్లో గాలి పోతే రాడ్ బయటికి వస్తుంది, పై నోట్లో పోతే లోపలికి పోతుంది. వాల్వు మీటకు మూడు స్థానాలు. ఒక పక్కకు తోస్తే గాలి కింది నోటికి, ఇంకో పక్కకు తోస్తే పై నోటికి. మధ్యలో పెడితే అన్నీ మూసుకుని రాడ్ ఉన్నచోటే ఆగుతుంది. గాలి ఒక నోట్లోకి పోతున్నప్పుడు రెండో నోట్లో ఉన్న పాత గాలి వాల్వులోంచే బయటికి పోవాలి. క్యాంపు బస్సు తలుపు తెరుచుకునేటప్పుడు "ఛస్" మని వినిపిస్తుంది చూడండి, అదే ఆ పాత గాలి చప్పుడు.

బలం ఎంత అంటారా? ఒక బార్ ఒత్తిడి అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో తోపు. సైటు కంప్రెసర్ 7 బార్ ఇస్తుందనుకోండి. 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పిస్టన్ మీద వైశాల్యం 78 చదరపు సెంటీమీటర్ల పైన. అంటే సుమారు 550 కిలోల తోపు. బొమ్మ సిలిండరు వేలంత లావు, ఒత్తిడి కూడా తక్కువ, కాబట్టి గుప్పెడు ఇటుకలు ఎత్తగలదు. లెక్క మాత్రం రెండింటికీ ఒకటే.

చేత్తో మీట తోస్తే రాడ్ కదలడం చిన్న పిల్లలకు సరదా. అసలు తమాషా యంత్రం తనంతట తానే నడిచేలా చేయడంలో ఉంది. మోటారు లేదు, కంప్యూటరు లేదు, గాలి ఒక్కటే. ఎలాగో చెప్తాం, కొంచెం నిదానంగా చదవండి, కావాలంటే రెండుసార్లు చదవండి.

రెండు సిలిండర్లు తీసుకోండి. ఒకటి "ఏ", ఇంకొకటి "బీ". వాల్వులు కూడా రెండు. ఏ సిలిండరు రాడ్ కదిలినప్పుడు మొదటి వాల్వు మీటను తోసేలా ఇటుకలతో బిగించండి. ఆ వాల్వులోంచి పోయే గాలి బీ సిలిండరుకు పోవాలి. అట్లాగే బీ రాడ్ కదిలినప్పుడు రెండో వాల్వు మీటను తోయాలి, దాని గాలి ఏ సిలిండరుకు పోవాలి. అంటే ఒకరి వాల్వు ఇంకొకరి చేతిలో ఉంది. ఇప్పుడు గాలి ఇవ్వండి. ఏ బయటికి వస్తుంది, మొదటి వాల్వును తిప్పుతుంది. దాంతో బీ బయటికి వస్తుంది, రెండో వాల్వును తిప్పుతుంది. దాంతో ఏ లోపలికి పోతుంది. అప్పుడు మొదటి వాల్వు మళ్ళీ తిరిగి బీ లోపలికి పోతుంది. బీ లోపలికి పోగానే రెండో వాల్వు తిరిగి ఏ మళ్ళీ బయటికి. గాలి ఉన్నంతసేపు ఇంతే.

ఇందులో ఒక కిటుకుంది. రెండు జతల ట్యూబుల్లో ఒక జతను తారుమారుగా తగిలించాలి, ఒకే ఒక్క జతను. బీ బయటికి వస్తే ఏ లోపలికి పోవాలి కదా, అందుకు. రెండు జతలూ ఒకే వరసలో పెడితే ఏ బయటికి, బీ బయటికి, ఇక అంతే, యంత్రం కదలదు. రెండూ తారుమారు చేసినా అదే గతి. పిల్లలు ఇక్కడ అరగంట తల పట్టుకుంటారు. తండ్రులూ పట్టుకుంటారు. వెంటనే జవాబు చెప్పేయకండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. రాడ్ నెమ్మదిగా కదిలితే వాల్వు మీట సరిగ్గా మధ్యలో ఆగిపోతుంది. మధ్యలో అన్నీ మూసుకుంటాయని ముందే చెప్పాం, కాబట్టి యంత్రం అక్కడే గడ్డకట్టినట్టు నిలబడుతుంది. దీనికి కట్టేవాళ్ళు కనిపెట్టిన మందు రబ్బరు బ్యాండు. మీట సగం దాటగానే బ్యాండు దాన్ని "టక్" మని అవతలికి లాగేస్తుంది. ఇంట్లో కరెంటు స్విచ్చు లోపల స్ప్రింగు చేసే పని అదే.

ఈ నాలుగు అడుగుల వరసను న్యుమాటిక్ పాఠాల్లో ఏ ప్లస్, బీ ప్లస్, ఏ మైనస్, బీ మైనస్ అని రాస్తారు. ప్లస్ అంటే రాడ్ బయటికి, మైనస్ అంటే లోపలికి. ఇప్పుడు ఏ సిలిండరుకు పట్టకారు తగిలించండి, బీ సిలిండరుకు ఎత్తే చెయ్యి తగిలించండి. పట్టుకో, ఎత్తు, వదులు, దిగు. గోలీని కింద పట్టుకుని పైన గాడిలో పడేసి మళ్ళీ గోలీ కోసం దిగే యంత్రం తయారైంది. ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్ లైను మీద సీసాలు ఎత్తి పెట్టే చేతులు ఎన్నో ఈ వరస మీదే నడుస్తాయి. హెల్పర్‌గా ఉండి మెయింటెనెన్స్ వైపు పోవాలనుకునే తమ్ముళ్ళకు మేం ప్రత్యేకంగా చెప్పేది ఇదే. ఏ గొట్టం ఎక్కడికి పోతుందో, ఏ రాడ్ ఏ వాల్వును తోస్తుందో కాగితం మీద గీసి చెప్పగలిగితే, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినా, ఫోర్‌మన్ రెండోసారి మీ మొహం వైపు చూస్తాడు.

పంపు చేత్తో కొట్టీ కొట్టీ విసుగు పుడితే దానికీ దారి ఉంది. చిన్న మోటారుకు చక్రం, చక్రానికి అంచు దగ్గర పుల్ల, పుల్లకు చిన్న పంపు. చక్రం తిరుగుతుంటే పంపు పైకీ కిందికీ ఆడుతూ ట్యాంకు నింపుతుంది. ట్యాంకు నిండాక మోటారు ఆగాలి కదా? ఒక సిలిండరును ట్యాంకుకు కలిపి, దాని రాడ్‌ను రబ్బరు బ్యాండుతో వెనక్కి లాగి పెట్టండి. గాలి తోపు రబ్బరు లాగుడును మించగానే రాడ్ బయటికి వచ్చి మోటారు స్విచ్చును ఆపుతుంది. ఒత్తిడి తగ్గితే రబ్బరు రాడ్‌ను లాగేసి మోటారును మళ్ళీ నడిపిస్తుంది. పంక్చర్ షాపులో కంప్రెసర్ దానంతట అది ఆగడం, మొదలవడం చూస్తుంటాం, లోపల కథ ఇదే. కాకపోతే అక్కడ రబ్బరు బదులు స్ప్రింగు ఉంటుంది.

ఇది పిల్లలాట అనుకునేవాళ్ళకు ఒక సంగతి. 2013లో ఆస్ట్రేలియాకు చెందిన స్టీవ్ సమార్టినో, రుమేనియా కుర్రవాడు రౌల్ ఓయిడా కలిసి మనుషులు ఎక్కే కారు చేశారు. 5 లక్షలకు పైగా లెగో ముక్కలు, ఇంజన్లలో 256 పిస్టన్లు, అన్నీ గాలితో నడిచేవే. చక్రాలు, బరువు మోసే కొన్ని భాగాలు తప్ప మిగతాదంతా లెగోనే. రుమేనియాలో కట్టి మెల్‌బోర్న్‌కు పంపించారు. గంటకు 20, 30 కిలోమీటర్ల వేగంతో నడిచింది. అంతకంటే గట్టిగా తోలితే ముక్కలు ఊడతాయని వాళ్ళకూ భయమే.

ఇక కొనే సంగతి. గాలి సామాను ఉన్న పెద్ద పెట్టెల ధర ఎక్కువ. 2015లో వచ్చిన మెర్సిడెస్ ఆరోక్స్ లారీలో 2,793 ముక్కలు. అలాంటి దానికి మన జీతంలో పెద్ద భాగమే పోతుంది. అప్పు చేసి కొనమని మేం ఎప్పుడూ చెప్పం. వాడిన సామాను అమ్మేవాళ్ళ దగ్గర సిలిండర్లు, వాల్వులు విడిగా దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త, సిలిండరులా కనిపించేదంతా గాలిది కాదు. 2008 నుంచి లోపల స్క్రూ తిరిగి రాడ్ జరిగే రకం కూడా లెగోలో వస్తోంది. బొమ్మలో ట్యూబులు కనిపిస్తేనే గాలిది. వేరే కంపెనీల చౌక ఇటుకల్లో కూడా గాలి సామాను ఉంది గానీ, సిలిండరు నోరు వేలితో మూసి రాడ్ నొక్కి చూసి కొనండి. రాడ్ గట్టిగా వెనక్కి తన్నాలి. మెత్తగా దిగిపోతే గాలి కారుతున్నట్టే.

అదీ కుదరకపోతే మన ఊళ్ళ పద్ధతి ఉండనే ఉంది. బడి సైన్స్ ఫెయిర్‌లో అట్టముక్కలతో, సిరంజీలతో పిల్లలు చేసే జేసీబీ చూసే ఉంటారు. మందుల షాపులో సూది లేని కొత్త సిరంజీలు నాలుగు, చేపల తొట్టి గాలి ట్యూబు రెండు మీటర్లు, ఇంతే ఖర్చు. వాడిన సిరంజీలు మాత్రం ముట్టుకోవద్దు. ముందు గాలితో నడపండి, తర్వాత అదే ట్యూబులో నీళ్ళు నింపి నడపండి. తేడా చెయ్యికే తెలుస్తుంది. గాలి నలుగుతుంది కాబట్టి చెయ్యి కాసేపు ఆగి ఒక్కసారి ఎగురుతుంది. నీళ్ళు నలగవు కాబట్టి తోసినంత కదులుతుంది. ఎక్స్‌కవేటరు బకెట్ నూనెతో ఎందుకు నడుస్తుందో, బ్రేకర్ గాలితో ఎందుకు నడుస్తుందో వాడికి వాడే చెప్తాడు. సన్న సిరంజీతో లావు సిరంజీని తోయించండి, బలం పెరిగి దూరం తగ్గుతుంది.

రెండేళ్ళకోసారి, నెల రోజులకో నలభై రోజులకో పోయేవాళ్ళం. ఫోనులో రోజూ మొహం చూసినా, ఇంటికి పోయాక మొదటి వారం పిల్లవాడు తల్లి వెనకే నిలబడతాడు. ఆ వారం మాట్లాడమని వాణ్ణి వేధించకుండా, పక్కన కూర్చుని ట్యూబు పట్టుకోమంటే చాలు. పెట్టె చేతికిచ్చి మీరు బయటికి పోతే అది రిమోట్ కారు లాంటిదే అవుతుంది. ఆడపిల్లలకు ఈ బొమ్మ ఎందుకనే మాట మాత్రం మా దగ్గర అనొద్దు. ఈ మధ్య ఉత్తరం రాసిన ఒక సోదరుడి కూతురు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతోంది.

బొమ్మకు సైటు కంప్రెసర్ గాలి పెట్టాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది. వద్దు. ప్లాస్టిక్ ట్యాంకు పగిలి ముక్కలు కళ్ళలో పడతాయి. మాట వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా. డ్యూటీ అయ్యాక గాలి గొట్టంతో బట్టల మీది దుమ్ము ఊదుకోవడం చాలా చోట్ల అలవాటు. చర్మం మీది చిన్న గాయంలోంచి కూడా ఆ గాలి లోపలికి పోగలదు, కన్నూ చెవీ పోగొట్టగలదు. సరదాకు తోటివాడి శరీరంలోకి గాలి పెట్టి ప్రాణం తీసిన సంఘటనలు మన దేశంలో ఫ్యాక్టరీల్లో జరిగాయి. గొట్టం జాయింటు దగ్గర విప్ చెక్ తాడు లేకుండా కంప్రెసర్ ఆన్ చేయనివ్వకండి. ఊడిన గొట్టం పాములా కొడుతుంది.

సామాను ప్యాక్ చేసేటప్పుడు పెద్ద అట్టపెట్టె ఇక్కడే వదిలేసి, ముక్కలు జిప్ కవర్లలో, కాగితం పుస్తకం విడిగా బట్టల మధ్య పెట్టండి. బరువు, చోటు రెండూ కలిసొస్తాయి. మోటారుకు లిథియం బ్యాటరీ ఉంటే విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. ట్యూబులు మడత పడకుండా గుండ్రంగా చుట్టండి. కొన్నాళ్ళకు ట్యూబు చివర వదులై గాలి కారితే కొత్తది కొననక్కర్లేదు, బ్లేడుతో రెండు మిల్లీమీటర్లు కోసి మళ్ళీ తొడిగితే సరిపోతుంది.