ఫ్యామిలీ టూరులో సంచులు కాసేది ఎవరు?

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిక ఉన్నవాళ్లు చదవండి, లేనివాళ్లు మీ ఇంట్లో ఆడవాళ్లకి చదివి వినిపించమనండి.

దాళ్వా కోతలైపోయి, కాలవలు కట్టేసి, పిల్లలకి సెలవులిచ్చేసరికి మన ఊళ్లలో ఇంటింటా ఒకటే గొడవ. హైదరాబాద్ తీసుకెళ్లండి అని. మన చిన్నప్పుడు హైదరాబాద్ అంటే చార్మినారూ, జూ పార్కూ. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది, 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా వచ్చింది. ఇప్పుడు పిల్లల నోట ఈ పేర్లే. పక్కింటి కుర్రాడు వెళ్లొచ్చి ఫొటోలు స్టేటస్ పెట్టాడంటే ఇక మనింట్లో అన్నం సహించదు.

వెళ్లొద్దని నేను అననండి. పిల్లల సరదా తప్పేం కాదు. కానీ దాన్ని కుటుంబమంతా సరదాగా గడిపే ట్రిప్పు అంటే మాత్రం ఒప్పుకోను. పిల్లలు సరదాపడతారు, మగవాళ్లు సగం సరదాపడతారు, ఆడవాళ్లు సంచులు కాస్తారు. డబ్బు మాత్రం అందరికీ కడతాం.

అసలు మనకి వెళ్లడానికి కుదిరే రోజులే తప్పుడు రోజులు. సంక్రాంతికి ఊరంతా మనింటికే వస్తుంది. దసరాకి చేను పొట్ట మీద ఉంటుంది, వదిలి వెళ్లలేం. మిగిలింది మే నెల. మనకి మేలో ఖాళీ అంటే రెండు రాష్ట్రాల పిల్లలకీ మేలోనే ఖాళీ. నలభై మూడు డిగ్రీల ఎండలో అందరం ఒకే గేటు దగ్గర నిలబడతాం.

రైలు టికెట్ల సంగతి చూడండి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులుండేది. మేలో ప్రయాణమంటే మార్చిలో తీసుకోవాలి. మార్చిలో మన చేను ఇంకా పచ్చగా ఉంటుంది. కోత మిషను ఏ రోజుకి దొరుకుతుందో, ధాన్యం ఎప్పుడు ఎత్తుతారో ఎవడికి తెలుసు? ఉద్యోగస్తుడు క్యాలెండరు చూసి బుక్ చేసుకుంటాడు, మనం మబ్బు చూసి బుక్ చేసుకోవాలి. చివరికి తత్కాలే గతి. స్లీపరుకి పొద్దున్న 11 గంటలకి తెరుస్తారు, ఒక టికెట్టు మీద నలుగురికే ఇస్తారు. పదకొండు మందిమి వెళ్లాలంటే మూడు టికెట్లు. మూడు ఫోన్లు పట్టుకుని ముగ్గురు కూర్చోవాలి. 2016 నుంచి అయిదేళ్లు దాటిన పిల్లలకి బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టాల్సిందే, అదొకటి.

ఇంకో మాట. రోడ్డున వెళ్తే ఫిల్మ్ సిటీ ఊరు రాకముందే, విజయవాడ హైవే మీదే తగులుతుంది. రైలెక్కిన వాడు దాన్ని దాటేసి సికింద్రాబాద్ దాకా వెళ్లి, బండి మాట్లాడుకుని మళ్లీ వెనక్కి రావాలి. కొత్తగా వెళ్లేవాళ్లు ఇది లెక్కలో వేసుకోరు.

మొన్న మేలో మేం వెళ్లాం. ఏ పార్కు అని అడక్కండి, పేరు ఇక్కడ అనవసరం. నేను, మా ఆవిడ, మా అమ్మ, తమ్ముడు, మరదలు, వాళ్ల పిల్లలిద్దరు, మా అబ్బాయి, కోడలు, ఇద్దరు మనవలు. రెండు రోజుల ముందు నుంచి ఆడవాళ్లు పొయ్యి దగ్గరే. జంతికలు, చేగోడీలు, బూందీ, ప్రయాణం రోజున పులిహోర. గేటు దగ్గర బయటి తిండి లోపలికి కుదరదన్నారు. పులిహోర డబ్బా వ్యానులోనే ఉండిపోయింది, సాయంత్రానికి వాసనొచ్చేసింది. లోపల ప్లేటు అన్నం ధర చూసి మా అమ్మ మజ్జిగ తాగి ఊరుకుంది.

నీళ్ల ఆటల దగ్గర చీరతో దిగకూడదు, నూలు బట్టలు పనికిరావు, నైలాన్ బట్టలే వేసుకోవాలి. చాలా పార్కుల్లో ఇదే రూలు, నీళ్ల శుభ్రం కోసం, భద్రత కోసం పెట్టింది, దాన్ని తప్పుపట్టను. కానీ మనూరి నుంచి వెళ్లిన నలభై అయిదేళ్ల ఆడమనిషి ఆ బట్టలు వేసుకుని మరిది ముందు, కోడలి ముందు నీళ్లలోకి దిగుతుందా చెప్పండి. దిగదు. మరి ఏం చేస్తుంది? అందరి చెప్పులూ, ఫోన్లూ, తడిబట్టలూ, పిల్లాడి పాలసీసా పెట్టుకుని బెంచీ మీద కూర్చుంటుంది. నేను ఆ చుట్టూ చూశాను. బెంచీల మీద ఉన్నవాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లే, ఒక్కొక్కరి ఒళ్లో నాలుగేసి సంచులు.

పిల్లలకైనా పూర్తిగా సరదా ఉందా అంటే అదీ లేదు. పెద్ద మనవడి ఎత్తుకి టికెట్టు పడింది, అదే ఎత్తు పెద్ద రైడుకి చాలదన్నారు. గంట లైన్లో నిలబడ్డాక వాడు ఏడ్చిన ఏడుపు మీరు వినాలి. ఎక్కువ డబ్బు కడితే లైను లేకుండా వెళ్లే టికెట్టు ఇంకోటి ఉంటుంది. మన తిరుమల 300 రూపాయల దర్శనం లాంటిదే అనుకోండి. దేవుడి దగ్గరే ఉన్నప్పుడు పార్కులో లేకుండా ఎలా ఉంటుంది.

మొత్తం ఖర్చు 38 వేలు. ధాన్యం సాధారణ రకం మద్దతు ధర 2025-26కి క్వింటా 2369. అంటే మన 75 కిలోల బస్తా 1777 రూపాయలు. ఇరవై ఒక్క బస్తాలు పైమాటే. దాళ్వాలో అరెకరం పంట, అదీ ఎరువుల ఖర్చు, కూలి తీయకుండా. కౌలు రైతు అయితే ఎంత పంట కింద లెక్కో మీరే వేసుకోండి.

ఈ పార్కుల పుట్టుక గురించి మా అబ్బాయి ఫోన్లో చూపించాడు. అమెరికాలో వాల్ట్ డిస్నీ అనే ఆయన శనివారాలు కూతుళ్లని రంగులరాట్నం ఎక్కించి, తను బెంచీ మీద పల్లీలు తింటూ కూర్చునేవాడట. పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఎందుకుండకూడదు అనిపించి 1955 జులై 17న డిస్నీలాండ్ తెరిచాడు. బెంచీ మీద విసుగు పుట్టి కట్టిన పార్కు అన్నమాట. డెబ్బై ఏళ్లు దాటింది, బెంచీ అలాగే ఉంది, దాని మీద కూర్చున్న మనిషే మారింది. ఇంకో సంగతి, అక్కడ మొదట్లో ఏ ఆటకి ఆ టికెట్టే ఉండేదట. 1982 నుంచి పుస్తకం టికెట్లు తీసేసి అన్నిటికీ ఒకే టికెట్టు చేశారు. ఎక్కేవాడికి అది లాభమే, ఎక్కనివాడికి నష్టం.

మన అంతర్వేది తీర్థం గుర్తు తెచ్చుకోండి. ప్రవేశం టికెట్టు లేదు. రంగులరాట్నం ఎక్కినవాడే డబ్బిస్తాడు. ముసలమ్మ జీళ్లు కొనుక్కుని ఇసకలో కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు. పులిహోర ఎవరిది వాళ్లు విప్పుకుంటారు. హైదరాబాద్ వాళ్లేమో మన కొబ్బరిచెట్లు చూడ్డానికి కోనసీమ వస్తుంటే, మనం సిమెంటు జలపాతాలు చూడ్డానికి అక్కడికి పోతున్నాం, అది వేరే విషయం.

నేననేది ఏమిటంటే, పార్కులవాళ్లు ఏ రైడూ ఎక్కని మనిషికి, ఏ వయసైనా సరే, తక్కువ టికెట్టు పెట్టాలి. పెద్దవయసు వాళ్లకి తగ్గింపు కొన్నిచోట్ల ఉంది, సంచులు కాసే నడివయసు ఆడవాళ్లకి లేదు. వాళ్లు పెట్టేదాకా మనం చెయ్యగలిగింది మనం చెయ్యాలి. ఆటలాడేవాళ్లే వెళ్లాలి. పిల్లల్ని తీసుకుని ఇద్దరు మగవాళ్లు వెళ్తే చాలు, సంచులు వాళ్లే మోస్తారు. పరువు కోసం పదకొండు మందిని తోలుకెళ్లక్కర్లేదు. మిగిలే డబ్బుతో ఇంట్లో ఆడవాళ్లు ఎక్కడికి వెళ్లాలంటారో అడగండి, మీరు నిర్ణయించకండి. నేను అడిగాను. మా ఆవిడ పాపికొండలు లాంచీ అంది, మరదలినీ వాళ్లక్కనీ తీసుకుని వెళ్తానంది. నన్ను రమ్మనలేదు.

మే మానేసి జులై ఆఖరి వారం చూడండి. నాట్లయిపోతాయి, ఎండ ఉండదు, వారం మధ్యలో అయితే లైనూ తక్కువ. ఉరుములుంటే కొన్ని రైడ్లు ఆపుతారు, పిల్లలు రెండు రోజులు బడి మానాలి. మాస్టారితో నేను మాట్లాడతానని మా తమ్ముడి పిల్లలకి చెప్పాను. జులై ఆఖరుకి వెళ్లాలంటే టికెట్లు మే ఆఖరులోనే తెరుస్తారు. తాడేపల్లిగూడెంలో గౌతమి ఎక్కేవాళ్లు ఆ రోజు పొద్దున్న 8 గంటలకే ఫోను దగ్గర ఉండండి.