టైటిల్ వచ్చింది సరే, ఆట ఎలా ఉంది? గుకేశ్ బలాలు, బలహీనతలు

డిసెంబర్ 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను 7.5-6.5 తేడాతో ఓడించి దొమ్మరాజు గుకేశ్ ప్రపంచ చెస్ చాంపియన్ అయ్యాడు. అప్పటికి వయసు 18 ఏళ్లు. 1985లో 22 ఏళ్లకు టైటిల్ గెలిచిన గ్యారీ కాస్పరోవ్ రికార్డు దీంతో చెరిగిపోయింది. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి కుర్రాడు కాబట్టి, టి. నగర్‌లోనే కాదు, ఊళ్లో మన వాళ్లున్న ప్రతి వీధిలోనూ ఇదే మాట.

ఆ మాటల్లో రెండు రకాలు వినిపిస్తున్నాయి. ఇంతటి ఆటగాడు ఇంతవరకూ పుట్టలేదని కొందరంటున్నారు. డింగ్ ఆఖర్లో తప్పు చేశాడు కాబట్టి గెలిచాడు, లేకపోతే ఏముందని ఇంకొందరు పెదవి విరుస్తున్నారు. 14 గేమ్‌లూ వరుసగా చూస్తే ఈ రెండింటిలో ఏదీ నిలబడదు. గుకేశ్ బలం ఎక్కడుందో బలహీనత కూడా అక్కడే ఉందని మాకు అనిపిస్తోంది. డ్రాతో సరిపెట్టుకోకపోవడమే ఆ గుణం.

ఓటమితో మొదలు

నవంబర్ 25న తొలి గేమ్‌లోనే తెల్ల పావులతో ఆడి గుకేశ్ ఓడిపోయాడు. డింగ్ ఫ్రెంచ్ డిఫెన్స్‌తో ఎదురొచ్చి 42 ఎత్తుల్లో ముగించాడు. ఈ పోటీకి ముందు క్లాసికల్ చెస్‌లో గుకేశ్ డింగ్‌ను ఒక్కసారి కూడా ఓడించలేదు. అలాంటి ప్రత్యర్థి చేతిలో మొదటి రోజే దెబ్బ తింటే 18 ఏళ్ల పిల్లవాడు కుంగిపోవడం సహజం. గుకేశ్ మర్నాడు నల్ల పావులతో నిబ్బరంగా డ్రా చేసుకున్నాడు. మూడో గేమ్‌లో డింగ్ బిషప్‌ను ప్రత్యర్థి శిబిరంలోనే చిక్కించాడు. డింగ్ గడియారం 37వ ఎత్తు దగ్గర అయిపోయింది. స్కోరు సమమైంది.

ఏప్రిల్‌లో టొరంటోలో జరిగిన క్యాండిడేట్స్ టోర్నీలోనూ ఇదే కనిపించింది. అక్కడ ఏడో రౌండ్లో అలీరెజా ఫిరౌజా చేతిలో ఓడాడు. ఆ టోర్నీ మొత్తంలో అతనికి అదొక్కటే ఓటమి. 14కు 9 పాయింట్లతో మొదటి స్థానంలో నిలిచాడు. ఓడిన మర్నాడు మామూలుగా కూర్చుని ఆడగలగడం అతని మొదటి బలం. 2011 క్రికెట్ వరల్డ్ కప్ జట్టుతో పనిచేసిన ప్యాడీ అప్టన్ మానసిక శిక్షణ కూడా దీనికి తోడైంది.

రెండో బలం లెక్క. చిన్నప్పటి కోచ్ విష్ణు ప్రసన్న అతన్ని చాలాకాలం కంప్యూటర్ ఇంజిన్‌కు దూరంగా ఉంచాడు. మిగతా పిల్లలు తెరమీద జవాబు చూసుకుంటున్న వయసులో ఇతను బుర్రలోనే ఎత్తులు వేసుకున్నాడు. చిక్కుముడి పడిన పొజిషన్‌లో, ముందే బట్టీ పట్టినవేవీ పనికిరాని చోట, అతను భయపడకపోవడానికి కారణం ఆ అలవాటే.

డ్రాకు ససేమిరా

ఆరో గేమ్‌లో డింగ్ అదే పొజిషన్‌ను మళ్లీ మళ్లీ తెచ్చి డ్రాకు దారి చూపాడు. గుకేశ్ పొజిషన్ కాస్త తక్కువగానే ఉంది. నల్ల పావులతో ఆడే ఎవరైనా హాయిగా అరపాయింటు తీసుకుని హోటల్ గదికి వెళ్లిపోతారు. గుకేశ్ వేరే ఎత్తు వేసి ఆట సాగదీశాడు. ఎనిమిదో గేమ్‌లోనూ అలాగే చేశాడు. ఆ గేమ్‌లో ఇద్దరికీ గెలిచే అవకాశాలు వచ్చాయి, ఇద్దరూ పోగొట్టుకున్నారు.

అప్పట్లో ఇది తొందరపాటులాగే కనిపించింది. 14వ గేమ్ చూశాక దాని ఫలితం తెలిసింది. రోజూ నాలుగైదు గంటలు ప్రత్యర్థిని కుర్చీలోంచి లేవనివ్వకుండా కూర్చోబెడితే, ఏదో ఒకరోజు అలసట చేయి జారేలా చేస్తుంది. ఆఖరి గేమ్‌లో ఇద్దరి దగ్గరా ఒక్కో రూక్, ఒక్కో బిషప్ మిగిలాయి. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. అయినా అది డ్రా అయ్యే పొజిషనే. డ్రా అయితే మర్నాడు ర్యాపిడ్ టైబ్రేక్, అందులో డింగ్‌దే పైచేయి అని అందరి అంచనా. గుకేశ్ మాత్రం ఆడుతూనే పోయాడు. 55వ ఎత్తులో డింగ్ రూక్‌ల మార్పిడికి సిద్ధపడ్డాడు. రూక్‌లు పోగానే బిషప్‌లు కూడా పోక తప్పని స్థితి. రాజులూ బంట్లూ మిగిలితే ఎక్కువ బంటున్నవాడిదే గెలుపు. 58 ఎత్తులకు డింగ్ చేతులెత్తేశాడు.

దీన్ని అదృష్టం అనేవాళ్లు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. డ్రాకు ఒప్పేసుకుని ఉంటే ఆ తప్పు జరిగేదా?

లోపాలు చిన్నవి కావు

ఇక రెండో వైపు. తెల్ల పావులతో గుకేశ్‌కు ఓపెనింగ్‌లో దక్కింది తక్కువ. ఫ్రెంచ్ డిఫెన్స్ మీద మూడుసార్లు ప్రయత్నిస్తే మొదటిది ఓడిపోయాడు, ఐదోది తన పొరపాటుతో చిక్కుల్లో పడి డ్రాతో బయటపడ్డాడు, పదమూడోది డింగ్ గట్టిగా కాచుకుని డ్రా చేశాడు.

గెలిచే పొజిషన్‌ను గెలుపుగా మార్చడంలోనూ తడబాటు ఉంది. ఏడో గేమ్‌లో గుకేశ్ దాదాపు గెలిచినట్టే ఉండి, 72 ఎత్తుల తర్వాత డ్రాతో లేచాడు. మాజీ చాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ ఈ పోటీ స్థాయినే తీవ్రంగా తప్పుబట్టారు. ఆయన మాట మరీ కటువు. అయినా పొరపాట్లు ఎక్కువగా దొర్లాయన్నది కాదనలేం.

పన్నెండో గేమ్ అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది. పదకొండోది గెలిచి 6-5తో ముందున్న గుకేశ్‌ను డింగ్ 39 ఎత్తుల్లో చిత్తుచేశాడు. ఎదురుదాడికి సందు ఇవ్వకుండా, మెల్లగా చోటు తగ్గించుకుంటూ పోయాడు. గొడవలో గుకేశ్ చురుకు. గొడవే లేకుండా నెమ్మదిగా గొంతు బిగించే ఆటకు అతని దగ్గర ఇంకా తగిన మందు లేదు. మాగ్నస్ కార్ల్‌సన్‌కు బాగా వచ్చిన ఆట అదే. కార్ల్‌సన్ టైటిల్ పోటీలకు తిరిగి రానంటున్నా, టోర్నీల్లో ఎదురుపడక మానడు. ర్యాపిడ్, బ్లిట్జ్‌లలో గుకేశ్ తన క్లాసికల్ స్థాయికి చాలా వెనకబడి ఉన్నాడన్నది కూడా తెలిసిన సంగతే.

ఎవరి పిల్లవాడు?

గెలిచిన వెంటనే తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ 5 కోట్ల రూపాయల బహుమతి ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మన తెలుగు కుర్రాడంటూ అభినందించారు. దానిమీద సోషల్ మీడియాలో తెలుగు-తమిళ తగువు మొదలైంది. ఇక్కడే తరాలుగా ఉంటున్న మనకు ఆ తగువులో ఒక పక్షం ఎంచుకోవాల్సిన అవసరం కనపడదు. మన టి. నగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి, పానగల్ పార్క్‌కు పేరిచ్చిన పానగల్ రాజా తెలుగువాళ్లే. వాళ్లు ఈ ఊరివాళ్లు కారని ఎవరైనా అంటారా?

గుకేశ్ సంగతీ అంతే. ఇంట్లో భాష తెలుగు. చదివింది వేలమ్మాళ్ బడిలో. ఆటకు మెరుగు పెట్టుకున్నది విశ్వనాథన్ ఆనంద్ అకాడమీలో. 2013లో ఇదే చెన్నైలో ఆనంద్, కార్ల్‌సన్ ఆడుతుంటే ప్రేక్షకుల్లో కూర్చుని చూసిన ఏడేళ్ల పిల్లవాడు అతను. 2023 డిసెంబర్‌లో తమిళనాడు ప్రభుత్వం పెట్టిన చెన్నై గ్రాండ్ మాస్టర్స్ టోర్నీ గెలవడం వల్లే అతనికి క్యాండిడేట్స్ దారి తెరుచుకుంది. సింగపూర్ పోటీకి తెరవెనుక సాయం చేసినవాళ్లలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడు. కొడుకు వెంట టోర్నీలకు తిరగడానికి ఈఎన్‌టీ డాక్టరైన తండ్రి ప్రాక్టీసు పక్కన పెడితే, మైక్రోబయాలజిస్టైన తల్లి జీతంతో ఇల్లు నడిచింది. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా కథ మారిపోయేది.

పిల్లల్ని చెస్ క్లాసుల్లో చేర్చాలని ఆరా తీస్తున్న తల్లిదండ్రులు ఆ ఆఖరి సంగతి గుర్తుంచుకోవాలి. గుకేశ్ 12 ఏళ్ల 7 నెలలకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. దాని వెనక ఒక కుటుంబం వదులుకున్న ఆదాయం ఉంది.

2025 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ టోర్నీలో గుకేశ్ చాంపియన్‌గా తొలిసారి క్లాసికల్ ఆడాడు. ప్రజ్ఞానందతో పాటు మన వరంగల్ కుర్రాడు, 2024లో 2800 రేటింగ్ దాటిన అర్జున్ ఎరిగైసి కూడా బరిలో ఉన్నాడు. తెల్ల పావులతో ఓపెనింగ్ మెరుగైందా, గెలిచే పొజిషన్‌ను గెలుపుగా మారుస్తున్నాడా, ప్రత్యర్థి నెమ్మదిగా బిగిస్తుంటే ఏం చేస్తున్నాడు: మేము చూడబోయేవి ఈ మూడూ. ఎక్కడైనా ఒకటి రెండు గేమ్‌లు ఓడినా కంగారుపడక్కర్లేదు. 2026లో టైటిల్ కాపాడుకోవాల్సి వచ్చేలోగా ఆ లోపాలు సరిదిద్దుకోవడానికి అతనికి కావాల్సింది టైము. ప్రతి ఓటమికీ లెక్క అడగకుండా ఆ టైము మనం అతనికి ఇవ్వాలి.