వెనక సీటు చూసినాకే బండి అందం మాట్లాడదాం



హిందూపురంలో డిగ్రీ చదివే తమ్ముడొకడు కొనబోయే బండి ఫోటో గ్రూపులో పెట్టినాడు. ట్యాంకు ఎద్దు మూపురంలా ఉంది, బాగుంది, కాదనను. మరి వెనక సీటు? అరచేయంత. దాని మీద మీ యాడి ఎట్లా కూర్చుంటుంది?

పోయినేడు సేవాలాల్ జయంతికి అట్లాంటి బండి మీదే మా యాడిని పెనుకొండ నుంచి గుత్తి దగ్గర సేవాగఢ్‌కు తీసుకుపోయినా. 44వ నంబరు హైవే, మంచి రోడ్డు. అయినా అనంతపురం చేరేలోపు నడుము పట్టేసి రెండుసార్లు దిగింది. పేటియా అంచు చక్రం వైపు పోతుంటే దారంతా ఒక చేత్తో పట్టుకునే ఉంది. తిరిగొచ్చేటప్పుడు బస్సెక్కింది, నాతో రానంది.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది: వెనక మనిషికి చేతిపిడి, కాలు పెట్టే చోటు, బట్టలు చిక్కకుండా కనీసం సగం చక్రానికి అడ్డు ఉండాలి. మనోళ్లు షోరూం దాటగానే పీకేసేది ఆ చీర గార్డునే. లుక్ పోతుందంట! పట్టుచీరల ధర్మవరం పక్కనే ఉండి అనే మాటేనా ఇది?

నాకైతే స్ప్లెండరే అందం. నూరు సీసీ కూడా లేదు, నవ్వుకోండి. సీటు మాత్రం పొడుగ్గా, ఒకే మట్టంగా ఉంటుంది. ఒళ్లో మూట పెట్టుకున్నా యాడి కదలకుండా కూర్చుంటుంది.

తమ్ముడూ, కిస్తీ కట్టేది యాడి కూలి డబ్బుతోనే కదా. ఆమెను షోరూంకి తీసుకుపో, వెనక కూర్చోబెట్టి ఒక రౌండు తిప్పు. సంతకం తర్వాత పెట్టొచ్చు.