కక్షిదారు పక్షాన ఒక బొమ్మ

గత నెల కొత్తచెరువులో మేం పెట్టిన బొమ్మల ప్రదర్శనలో ఒకదాన్ని రెండోరోజే దించమన్నారు. దించాం. దించకుండా ఉండాల్సింది. అడిగినవారు నల్లకోటు వేసుకునేవారు, మా పత్రిక చదివేవారు. బొమ్మ వారి వృత్తికి అవమానమట.

అది ఫ్రెంచి వ్యంగ్యచిత్రకారుడు ఒనొరే దొమియే గీసింది. 1845-48 మధ్య పారిస్ పత్రిక 'ల షారివారి'లో కోర్టు మనుషుల మీద వరసగా వేసిన లితోగ్రాఫుల్లో ఒకటి. దావా ఓడిన మనిషిని వకీలు ఓదారుస్తున్నాడు: ఓడితే ఓడావు గానీ, నా వాదన విన్న ఆనందం నీకు దక్కింది కదా అని. దొమియే ఆ లోకాన్ని ఊహించి గీయలేదు. చిన్నప్పుడు కోర్టు అమీనా దగ్గర పనికుర్రాడు. రాజును తిండిబోతుగా గీసినందుకు 1832లో ఆరు నెలల శిక్ష పడినవాడు.

ఇది పరాయి దేశపు వెక్కిరింత అన్నారు. కాదు. 1880లోనే కందుకూరి వీరేశలింగం 'వ్యవహార ధర్మబోధిని' నాటకంలో ప్లీడర్లను, కోర్టు లంచాలను నిలదీశారు. అదీ జనం మాట్లాడే భాషలో. ఆ భాష ఎందుకు ఎంచుకున్నారో ఆలోచించండి.

కోర్టు భాష కక్షిదారుది కాదు గనక. తెల్లారుజామున పెనుకొండకో ధర్మవరానికో బస్సెక్కి, సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, ఇంకో వాయిదా తేదీతో తిరిగొచ్చే రైతును మా వీధిలో ఎరగనివారు లేరు. వకాల్తా మీద వేలిముద్ర వేసిన క్షణం నుంచి అతని తగువు అతను చెప్పుకోలేడు. తన పొలం గట్టు గురించి లోపల ఏం మాట్లాడారో కూడా అతనికి అర్థం కాదు. అతనికి మిగిలిన మాటంతా కోర్టు బయటే. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడనే సామెత అక్కడే పుట్టింది. దాన్ని ఏ గోడ మీద నుంచి దించుతారు? ఫీజు ఇచ్చినవాడికి నోరెత్తే హక్కు లేదనడమే అసలు అవమానం. అది కక్షిదారుకు జరుగుతోంది, వృత్తికి కాదు.

పౌరహక్కుల కోసం వాదించిన కన్నబిరాన్ లాంటి లాయర్లూ ఉన్నారు, నిజమే. ఈ బొమ్మ వారి జోలికి పోదు. గురజాడ 'కన్యాశుల్కం'లో దొంగసాక్ష్యాల రామప్పంతులుతో పాటు మంచి వకీలు సౌజన్యారావు పంతులూ ఉన్నాడు.

ఈ సంచిక లోపలి అట్ట మీద ఆ బొమ్మ అచ్చువేశాం. వచ్చే ఆదివారం అదే గోడకు మళ్లీ తగిలిస్తాం. అభ్యంతరం చెప్పినవారు రావాలి, వారికి కుర్చీలు వేస్తాం. వాయిదాలకు తిరుగుతున్న రైతులనూ పిలిచాం. ఈసారి ముందు వాళ్లు మాట్లాడతారు.