డాబా మీది వేడి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం డాబా మీది సోలార్ పలకను వేలితో తాకితే చురుక్కుమంటుంది. గాలి 42 డిగ్రీలుంటే పలక 65కి చేరడం మామూలే. ఎండ మండిన కొద్దీ కరెంటు పెరుగుతుందనుకుంటాం గానీ, వెలుగు వేరు, వేడి వేరు. పలక మీద అచ్చువేసే వాట్ల లెక్క 25 డిగ్రీల దగ్గర తీసింది. అక్కడి నుంచి వేడెక్కే ప్రతి డిగ్రీకీ సిలికాన్ 0.3 నుంచి 0.4 శాతం దాకా శక్తి పోగొట్టుకుంటుంది.

ఇప్పుడు సిలికాన్ సరసన పెరోవ్‌స్కైట్ నిలబడుతోంది. పేరు పాతదే. 1839లో ఉరల్ పర్వతాల ఖనిజం ఒకదానికి రష్యా ప్రముఖుడు లెవ్ పెరోవ్‌స్కీ పేరు పెట్టారు. ఆ ఖనిజంలోని పరమాణువుల అమరికే ఉన్న కృత్రిమ పదార్థంతో 2009లో జపాన్‌లో మియాసాకా బృందం చేసిన సెల్ సామర్థ్యం 3.8 శాతం. ఇవాళ ప్రయోగశాలల్లో అది 26 దాటింది. మరి మన ఎండకు ఈ పదార్థం ఎలా తట్టుకుంటుంది?

వెలుగు పడగానే స్ఫటికంలో ఎలక్ట్రాన్లు విడివడతాయి. అవి పొర అంచుకు చేరితేనే కరెంటు. పెళ్ళి పందిట్లో బంతుల మధ్య వడ్డించుకుంటూ పోయే మనిషిని తలచుకోండి. అందరూ కుదురుగా కూర్చుంటే చకచకా సాగిపోతాడు. ఉక్కకు ఒకరు మోకాలు చాపి, ఇంకొకరు విసనకర్ర ఊపుతుంటే అడుగడుగునా ఆగాలి. వేడికి ఊగే పరమాణువులు ఎలక్ట్రాన్‌కు అలాగే అడ్డుపడతాయి. పెరోవ్‌స్కైట్ కుటుంబంలో బాగా పరిశోధించిన మిథైల్ అమ్మోనియం లెడ్ అయోడైడ్‌ను తీసుకుంటే, 25 నుంచి 65 డిగ్రీలకు చేరేసరికి ఎలక్ట్రాన్ల చురుకుదనం సుమారు ఆరో వంతు తగ్గుతుంది. పైగా 55 డిగ్రీల దగ్గర దాని స్ఫటికం ఆకారమే మారుతుంది. అంటే మన వేసవిలో పొద్దున ఒక రూపం, మధ్యాహ్నం మరో రూపం!

దీనికి బెంగపడనక్కర్లేదు. పొర మందం అర మైక్రాన్ మాత్రమే. వడ్డించేవాడు కాస్త నెమ్మదించినా బంతి చివరిదాకా చేరుతాడు. నిజానికి డిగ్రీకి పోయే శక్తి పెరోవ్‌స్కైట్‌లో సాధారణంగా సిలికాన్ కన్నా తక్కువే.

అసలు చిక్కు కూర్చున్నవాళ్ళే లేవడంతో వస్తుంది. ఈ స్ఫటికంలో అయోడైడ్ అయాన్లు ఖాళీ అయిన విస్తరి ముందుకల్లా జరిగిపోతుంటాయి. అలా జరగడానికి దాటాల్సిన అడ్డు 0.6 ఎలక్ట్రాన్ వోల్ట్ అనుకుని లెక్కవేస్తే, 65 డిగ్రీల దగ్గర ఆ కదలిక 25 దగ్గర ఉన్నదానికి పది రెట్లు పైమాటే. రాత్రి చల్లబడ్డాక కొన్ని తిరిగి సర్దుకుంటాయి, కొన్ని అంచులకు పోయి ఎలక్ట్రోడ్‌ను తినేస్తాయి. ఎండలకు మిథైల్ అమ్మోనియం నిలవదని గ్రహించి శాస్త్రవేత్తలు దాని చోట సీసియం, ఫార్మామిడినియం వాడుతున్నారు. ఆ పొరలు మరింత గట్టివి.

పరిశ్రమ పెట్టే ఒక పరీక్ష 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో వెయ్యి గంటలు. అంటే దాదాపు 42 రోజులు. సిలికాన్ పలకకైతే పాతికేళ్ళ హామీ ఇస్తున్నారు. కర్నూలు ప్రాంతంలో గని, శకునాల భూముల్లో 1,000 మెగావాట్ల పార్కు మన ఎండల్లోనే ఏళ్ళుగా నడుస్తోంది. కొత్త పదార్థానికీ అలాంటి నేల మీదే, వేసవి తరవాత వేసవి, పరీక్ష జరగాలి. మన విశ్వవిద్యాలయాల డాబాలు అందుకు చాలు. పెరోవ్‌స్కైట్ పలకలు మన వీధి దుకాణానికి వచ్చిన రోజున, 25 డిగ్రీల అంకె పక్కన 65 డిగ్రీల అంకె కూడా చూపమని అడగండి.