బెలూన్లు దిగే పొలాలు, గగన్‌యాన్ పారాచూట్లు

2025 జనవరిలో బీదర్ జిల్లా హుమ్నాబాద్ తాలూకా జలసంగిలో తెల్లవారేసరికి ఒక ఇంటి మీద పెద్ద బెలూన్, దానికి కట్టిన పరికరాల పెట్టె కనిపించాయి. ఊరంతా పోగైంది. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం ముందురోజు రాత్రి వదిలిన పరిశోధన బెలూన్ అదని తర్వాత తెలిసింది. అంతకు రెండేళ్ల ముందు, 2022 డిసెంబరు 7న, వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఇంకా పెద్ద వింత దిగింది. స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ సంస్థ మనుషుల్ని స్ట్రాటోస్ఫియర్‌కు తీసుకెళ్లాలని తయారు చేస్తున్న క్యాబిన్ నమూనా అది. లోపల మనుషులెవరూ లేరు. హైదరాబాద్ నుంచే ఎగిరి, దాదాపు 37 కిలోమీటర్ల ఎత్తు చూసి, పారాచూట్‌తో దిగింది.

సంగారెడ్డి జిల్లాలోని మన నారాయణఖేడ్‌కు పడమట బీదర్ జిల్లా, దక్షిణాన వికారాబాద్ జిల్లా. అంటే ఈ బెలూన్లు తిరిగే ఆకాశం కిందే మన పల్లెలూ తండాలూ ఉన్నాయి. అంతరిక్షం అనగానే మనకు శ్రీహరికోట గుర్తొస్తుంది. మనిషి ఆకాశయాత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం మాత్రం మన నెత్తి మీదుగానే సాగుతోంది. తిరిగి దిగడం అనే అధ్యాయం అది. మనుషుల్ని అంతరిక్షానికి పంపే ఇస్రో గగన్‌యాన్ గురించి ఎంతో మాట్లాడుకుంటున్న మనం దీని గురించి మాట్లాడేది చాలా తక్కువ.

రాకెట్ల కన్నా ముందు మనిషిని ఆ ఎత్తులకు మోసింది బెలూనే. 1931 మే 27న స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఆగస్ట్ పికార్డ్ గాలి చొరబడని గోళంలో కూర్చుని 15 కిలోమీటర్లు దాటి వెళ్లాడు. అంతరిక్ష నౌకల్లో గాలి పీడనం నిలిపే క్యాబిన్‌కు మూలం ఆ గోళంలోనే ఉంది. దాదాపు 19 కిలోమీటర్లు దాటితే రక్షణ లేని మనిషి ఒంట్లోని తడి శరీర వేడికే మరగడం మొదలవుతుంది. 1957లో అమెరికా వైమానిక దళ వైద్యుడు డేవిడ్ సైమన్స్ 30 కిలోమీటర్లు దాటి ఎక్కి, స్ట్రాటోస్ఫియర్‌లోనే ఒక రాత్రంతా గడిపి వచ్చాడు. 1960 ఆగస్టు 16న అదే దళానికి చెందిన జోసెఫ్ కిటింగర్ 31 కిలోమీటర్ల ఎత్తులో బెలూన్ తొట్టిలోంచి కిందికి దూకాడు. అంతకుముందు ఏడాది ఈ ప్రయోగాల్లో మొదటిసారి దూకినప్పుడు చిన్న పారాచూట్ మెడకు చుట్టుకుని, గిరగిరా తిరిగి స్పృహ తప్పాడు. ఇంకో పారాచూట్ దానంతటదే విచ్చుకోవడం వల్ల బతికాడు. మీద నుంచి పడే శరీరాన్ని తిరగకుండా నిలిపే చిన్న పారాచూట్ ఎంత కీలకమో ఆ ప్రయోగాలు తేల్చాయి.

ఎనిమిది నెలలు తిరక్కుండానే, 1961 ఏప్రిల్ 12న, సోవియట్ వ్యోమగామి యూరీ గగారిన్ 108 నిమిషాల్లో భూమిని చుట్టి వచ్చాడు. ఆయన నౌకతో పాటు నేల దిగలేదు. ఏడు కిలోమీటర్ల ఎత్తులో బయటికి వచ్చి సొంత పారాచూట్‌తో వోల్గా తీరపు చేలలో దిగాడు. సోవియట్ ప్రభుత్వం ఆ సంగతిని చాలాకాలం దాచిపెట్టింది. ఆయనకు మొదట ఎదురైంది బంగాళాదుంపల చేనులో ఉన్న ఒక పెద్దావిడ, ఆమె మనవరాలు. నారింజ రంగు దుస్తుల్లో ఆకాశం నుంచి దిగిన మనిషిని చూసి వాళ్లు జడుసుకున్నారు. జలసంగిలో, మొగిలిగుండ్లలో జనం పడిన కంగారు కొత్తదేమీ కాదు, తక్కువ చేసి చూడదగినదీ కాదు.

తిరుగు ప్రయాణం ఎంత కఠినమో చరిత్రే చెబుతుంది. 1967లో సోవియట్ నౌక సోయుజ్-1 పారాచూట్ తెరుచుకోక వ్లాదిమిర్ కొమరోవ్ నేలకు గుద్దుకుని చనిపోయాడు. 1971లో సోయుజ్-11 దిగి వస్తుండగా ఒక వాల్వు తెరుచుకుని గాలంతా పోయి ముగ్గురు కన్నుమూశారు. 2003 ఫిబ్రవరి 1న అమెరికా షటిల్ కొలంబియా ముక్కలై కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని కోల్పోయాం. ఆ మూడూ తిరిగి వస్తుండగా జరిగినవే, పోయినవి 11 ప్రాణాలు. 1986లో మరో షటిల్ ఛాలెంజర్ పైకి వెళ్తూ కూలిన మాట నిజమే. అయినా ఎక్కడంలో ఎంత ప్రమాదం ఉందో దిగడంలో అంతకు తక్కువ లేదు.

బెలూన్ ఇచ్చేది ఎత్తు మాత్రమే, వేగం కాదు. కక్ష్యలో తిరిగే నౌకకు సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం ఉంటుంది. ఆ వేగాన్నంతా గాలి రాపిడిలో పోగొట్టుకుని, వేల డిగ్రీల మంటను హీట్‌షీల్డ్ మీద తట్టుకుని, చివర పారాచూట్లకు అప్పగించాలి. ఇస్రో ఈ విద్యను ఓపికగా నేర్చుకుంటూ వస్తోంది. 2007 జనవరిలో 12 రోజులు కక్ష్యలో తిరిగిన చిన్న గుళికను బంగాళాఖాతంలో క్షేమంగా దించింది. 2014 డిసెంబరులో క్రూ మాడ్యూల్ నమూనాను సముద్రంలో దించి చూసింది. 2023 అక్టోబరు 21న రాకెట్ నుంచి వ్యోమగాముల్ని తప్పించే ఏర్పాటును పరీక్షించింది. 2025 ఆగస్టు 24న శ్రీహరికోట దగ్గర చినూక్ హెలికాప్టర్ నుంచి సుమారు 4.8 టన్నుల నమూనాను మూడు కిలోమీటర్ల ఎత్తులో వదిలి పారాచూట్లు విచ్చుకునే వరుసను సరిచూసింది. గగన్‌యాన్‌లో మొత్తం 10 పారాచూట్లుంటాయి. పెద్దవి మూడు. వాటిలో రెండు తెరుచుకున్నా చాలు, మనుషులు క్షేమంగా దిగుతారు.

2018 ఆగస్టు 15న ప్రధాని గగన్‌యాన్‌ను ప్రకటించినప్పుడు గడువు 2022. 2025లో ఇస్రో చెప్పిన గడువు 2027. ఆలస్యమైందని విమర్శించేవాళ్లున్నారు. నా మటుకు నాకు ఈ ఆలస్యం తప్పుగా తోచదు. నాసా కూడా ఇదే చేసింది. 2022లో మనుషులు లేకుండా చంద్రుణ్ని చుట్టి వచ్చిన ఆర్టెమిస్-1 హీట్‌షీల్డ్ అనుకున్న దానికన్నా ఎక్కువగా పెచ్చులూడిందని గమనించి, మనుషులతో చేయాల్సిన ప్రయాణాన్ని వెనక్కి జరిపి కారణం వెతికింది. 2035కు సొంత అంతరిక్ష కేంద్రం, 2040కి చంద్రుడి మీద భారతీయుడి అడుగు అంటున్నాం. చంద్రుడి నుంచి వచ్చే నౌక సెకనుకు 11 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి చొరబడుతుంది. కక్ష్య నుంచి దిగే నౌకతో పోలిస్తే వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు రెట్టింపు. తేదీల కోసం తొందరపడితే ఆ లెక్క క్షమించదు.

నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షానికి వెళ్లి వచ్చాడు. హైదరాబాద్ మూలాలున్న రాజాచారి 2021లో స్పేస్‌ఎక్స్ క్రూ-3కి కమాండర్‌గా వెళ్లాడు. ఇద్దరినీ మనవాళ్లని చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అలాగే చెప్పుకోవాల్సిన ఇంకో సంగతి ఉంది. 2014 అక్టోబరు 24న అమెరికాలోని రోస్‌వెల్‌లో అలన్ యూస్టేస్ 41 కిలోమీటర్ల పైనుంచి దూకి ప్రపంచ రికార్డు సృష్టించాడు. ఆయన్ను అంత ఎత్తుకు మోసిన బెలూన్ తయారైంది హైదరాబాద్ టీఐఎఫ్ఆర్ కేంద్రంలోనే. 2005లో ఈ కేంద్రం నుంచే ఎగిరిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టి తెచ్చింది. అందులో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయి. ఒకదానికి ఆర్యభట్ట పేరు, మరొకదానికి ఇస్రో పేరు పెట్టారు. ఇంత పని చేసిన సంస్థ పేరు మన పాఠ్యపుస్తకాల్లో పిల్లలకు తగలాలి.

బెలూన్లు ఎగరేసేది ఎక్కువగా నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. పరికరాలు దొరికితే విప్పవద్దని, కొన్నింటిలో ఎక్కువ వోల్టేజి ఉంటుందని, పోలీస్ స్టేషన్‌కో పోస్టాఫీసుకో చెప్పాలని టీఐఎఫ్ఆర్ ప్రకటనలు ఇస్తుంది. విప్పితే నెలల శ్రమ, సమాచారం పోతాయి. అయితే నారాయణఖేడ్ ప్రాంతంలో ఆ కాలం చెరకు కొట్టే కాలం కూడా. చాలా తండాల నుంచి వయసులో ఉన్నవాళ్లు వలస పోతారు. ఇళ్ల దగ్గర మిగిలేది ముసలివాళ్లు, బడి పిల్లలు. పేపర్లో పడిన ప్రకటన వాళ్లకు చేరదు. ఇక్కడ తెలుగుతో పాటు కన్నడ, మరాఠీ, లంబాడీ మాట్లాడతారు. కాబట్టి ఆ ప్రకటన ఈ భాషలన్నింటిలో గ్రామ పంచాయతీ మైకులో వినిపించాలి. పారాచూట్ ఎలా ఉంటుందో, పెట్టె ఎలా ఉంటుందో బడిలో బొమ్మ పెట్టి చూపించాలి. దొరికింది జాగ్రత్తగా అప్పగించిన ఊరి పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్లి, బెలూన్ ఎగరేసే చోటు చూపించాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. సంగారెడ్డి, వికారాబాద్ కలెక్టర్లు, జిల్లా విద్యాశాఖ అధికారులు, టీఐఎఫ్ఆర్ కేంద్రం కలిసి కూర్చుంటే చాలు. వచ్చే నవంబరులో మొదటి బెలూన్ ఎగరక ముందే ఆ సమావేశం జరగాలి.