కాలిబాటల కాపలా ఎవరిది?

కుందారపల్లిలో శుక్రవారం సంత. మేకలు, గొర్రెలు, కోళ్లు, కూరగాయలు తీసుకొని చుట్టుపక్కల పల్లెల జనం తెల్లవారకముందే అక్కడికి చేరుకుంటారు. కృష్ణగిరి, హోసూరుల మధ్య జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న ఈ ఊరినుంచే వేపనపల్లి వైపు దారి చీలుతుంది. ఆ దారి వెంబడి వెళితే ఒక పక్క ఆంధ్ర, మరొక పక్క కర్ణాటక. మూడు రాష్ట్రాల పొలిమేరలు కలిసే ఈ సీమలో ఒక తరం క్రితం వరకు ఊరికీ ఊరికీ మధ్య రాకపోకలన్నీ కాలిబాటల మీదనే సాగేవి. మామిడి తోపుల నడుమ, రాగి చేల గట్ల మీదుగా, మార్కండేయ నది ఒడ్డున నడిచిన ఆ దావలు నేడు ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్నాయి. సంతకు వెళ్లే రైతు, బడికి వెళ్లే బిడ్డ, కూలికి వెళ్లే ఇల్లాలు రహదారి అంచుకు నెట్టబడుతున్నారు.

ఇది కేవలం పాత రోజులను తలచుకొని వగచే విషయం కాదు, ప్రాణాలకు సంబంధించిన విషయం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల కారణంగా 1,68,491 మంది మరణించగా, వారిలో 32,825 మంది పాదచారులేనని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక వెల్లడించింది. అనగా ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు వాహనం ఎక్కనివారే. పాదచారులకు సురక్షితమైన కాలిబాటలు ఉండడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే 14న స్పష్టం చేసింది. ఆ తీర్పు మీద జరిగిన చర్చ అంతా నగరాల పేవ్‌మెంట్ల చుట్టూనే తిరిగింది. పల్లెల కాలిబాట గురించి మాట్లాడినవారు అరుదు.

బాట ఎందుకు పోయింది?

2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వలన అనేక పల్లెలకు తారు రోడ్లు వచ్చాయి. ఇది స్వాగతించదగిన పరిణామమే. కాని రోడ్డు వచ్చిన తరువాత ద్విచక్ర వాహనం వచ్చింది. వాహనం వచ్చిన తరువాత అడ్డబాటన నడిచేవారు తగ్గారు. నడిచేవారు తగ్గిన బాటలో మొదట వయ్యారిభామ మొలుస్తుంది, ఆ వెనుక సీమ తుమ్మ పెరుగుతుంది. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి అక్కడ బాట ఉండేదన్న ఆనవాలు సైతం మిగలదు.

మరొక కారణం భూముల చేతులు మారడం. హోసూరు పరిశ్రమలు, బెంగళూరు విస్తరణ ప్రభావంతో ఈ ప్రాంతపు నేలకు గిరాకీ పెరిగింది. పాత రైతుకు తన చేనిలోంచి ఎవరెవరు నడుస్తారో తెలుసు. ఊరి మాటగా ఆ దారిని వదిలిపెట్టేవాడు. కొత్తగా కొన్న యజమానికి ఆ సంగతి తెలియదు, పత్రాలలోనూ కనబడదు. అతడు కంచె వేసిన రోజుననే తగాదా మొదలవుతుంది.

ఈ తగాదా ఎంతవరకు వెళ్లగలదో చెప్పడానికి పొరుగునే ఒక చేదు ఉదాహరణ ఉంది. 2019 ఆగస్టులో వాణియంబాడి సమీపాన నారాయణపురం దళితులు శ్మశానానికి వెళ్లే దారి మూతపడడంతో, మృతదేహాన్ని తాళ్లతో కట్టి పాలారు వంతెన మీదినుంచి కిందికి దించవలసి వచ్చింది. ఆ దృశ్యాలు వెలువడిన పిదప మద్రాసు హైకోర్టు విషయాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. బాట అనేది నడిచేందుకు వీలుగా ఉన్న నేల మాత్రమే కాదని, బతికినవారి గౌరవమూ చనిపోయినవారి గౌరవమూ దానిమీద ఆధారపడి ఉంటాయని ఆ ఘటన చాటింది.

చట్టం చెప్పేదేమిటి?

గ్రామాలలోని బాటలన్నీ ఒకే రకమైనవి కావు. ఈ తేడా తెలియకపోవడం వలననే అనేక తగాదాలలో న్యాయం ఉన్నవారు సైతం ఓడిపోతున్నారు.

మొదటి రకం రికార్డులలో ఉన్న బాట. మూడవ మైసూరు యుద్ధం ముగిసి 1792లో బారామహల్ కంపెనీ వశమైన తరువాత అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో ఈ సీమలో భూముల సర్వే, శిస్తు నిర్ణయం చేపట్టారు. అప్పటినుంచి తరతరాలుగా కొలతలు జరుగుతూ వచ్చాయి. నేటి గ్రామ నక్షలో, పొలం కొలతల పటంలో బండి బాటగా గాని, బాట పొరంబోకుగా గాని నమోదై ఉంటే అది ప్రభుత్వ ఆస్తి. ప్రజల బాటలు ప్రభుత్వానివేనని 1905 నాటి భూ ఆక్రమణల చట్టం నిస్సందేహంగా చెబుతున్నది. నోటీసు ఇచ్చి ఆక్రమణను తొలగించే అధికారం రెవిన్యూ యంత్రాంగానికి ఉంది.

రెండవ రకం పట్టా భూమిలో నుంచి వాడుకగా నడిచిన బాట. ఇది యజమాని ఆస్తియే. అయినా 1882 నాటి సౌలభ్య హక్కుల చట్టం ప్రకారం, 20 సంవత్సరాలు ఎడతెగకుండా, బాహాటంగా, గొడవ లేకుండా, హక్కుగా నడిచినట్లు రుజువైతే దారి హక్కు సంక్రమిస్తుంది. అయితే యజమాని దయతో ఇచ్చిన అనుమతి మీద నడిచిన నడక ఈ లెక్కలోకి రాదు. అడ్డంకి ఏర్పడిన తరువాత రెండేళ్లు మౌనంగా ఊరుకున్నా హక్కు బలహీనపడుతుంది. ఈ గడువు సంగతి పల్లె ప్రజలలో అత్యధికులకు తెలియకపోవడం విచారకరం.

మూడవ రకం చెరువు కట్టలు, అటవీ భూములలోని దారులు. వాటిమీద చేయి వేయాలంటే సంబంధిత శాఖ అనుమతి తప్పనిసరి. ఇక గ్రామ రోడ్ల నిర్మాణం, మరమ్మతు, నిర్వహణ గ్రామ పంచాయతీ విధులని 1994 నాటి తమిళనాడు పంచాయతీల చట్టం పేర్కొన్నది. కనుక బాగుచేయడం పంచాయతీ దయ కాదు, బాధ్యత.

సరిహద్దు పల్లెలకు వీటితోపాటు అదనపు చిక్కు ఒకటి ఉంది. తమిళనాడులో మొదలై ఆంధ్రలోనో, కర్ణాటకలోనో ముగిసే బాటకు రెండు రాష్ట్రాల రికార్డులు చూడవలసి ఉంటుంది. ఒక నక్ష పొలిమేర దగ్గర ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో సమగ్ర భూసర్వే ప్రారంభమైంది. ఇటువంటి సర్వేలు జరిగే వేళ ఊరివారు అప్రమత్తంగా ఉండి బాటలను నమోదు చేయించుకోకపోతే, ఆ తరువాత దిద్దించడం ఎంతో కష్టమవుతుంది.

నడక సంఘాలు చేయగలిగినది

రికార్డు ఎంత బలంగా ఉన్నా నడిచే కాలు లేని బాట నిలవదు. ఇంగ్లండు చరిత్ర ఇందుకు సాక్ష్యం. అక్కడ భూస్వాముల వేట మైదానాలలోకి ప్రవేశం కోసం 1932 ఏప్రిల్ 24న వందలాది కార్మికులు కిండర్ స్కౌట్ కొండమీదికి నడిచారు. కొందరు జైలుపాలయ్యారు. 1935లో నడక సంఘాలన్నీ కలిసి జాతీయ సంస్థగా ఏర్పడ్డాయి. 1949లో వచ్చిన చట్టం ప్రతి కాలిబాటను అధికారిక పటంలో చూపించే బాధ్యతను స్థానిక ప్రభుత్వాల మీద ఉంచింది. నేడు ఇంగ్లండు, వేల్సులలో సుమారు 2,25,000 కిలోమీటర్ల బాటలకు ప్రజాహక్కు ఉంది. పొదలు నరకడం, గుర్తు కంబాలు నాటడం వంటి పనులు స్వచ్ఛంద సేవకులు చేస్తారు. ఆక్రమణలను తొలగించే బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే. ఈ పని విభజనే గమనించవలసిన అంశం.

మన సీమకు ఉమ్మడి శ్రమ కొత్తది కాదు. చెరువులకు కుడిమరామత్తు అనే సంప్రదాయం ఉండేది. ఆ శ్రమను తప్పనిసరి చేస్తూ 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టమే చేసింది. 2017లో తమిళనాడు ప్రభుత్వం అదే పేరుతో చెరువుల మరమ్మతు పథకం మొదలుపెట్టింది. ఆవలి కుప్పం ప్రాంతంలో 1997 నాటి జన్మభూమి కార్యక్రమం శ్రమదానం అనే మాటను ఇంటింటికీ చేర్చింది. అయితే ఉత్సవంగా ఒకనాడు చేసిన శ్రమదానం మరుసటి వానకు నిలవదు. బాటకు కావలసినది ఏడాదికి ఒక పండుగ కాదు, నెలకు ఒక పూట.

ఇక్కడే నడక సంఘాల అవసరం కనిపిస్తుంది. 2023 నవంబరు 4న తమిళనాడు ప్రభుత్వం ‘నడప్పోం నలం పెఱువోం’ పేరిట జిల్లాకు ఒక 8 కిలోమీటర్ల నడక దారిని ఏర్పరచి, నెలలో మొదటి ఆదివారం జనం కలిసి నడిచే పథకాన్ని ఆరంభించింది. ఇంటివద్దకే వైద్యం అందించే ‘మక్కళై తేడి మరుత్తువం’ 2021 ఆగస్టు 5న ఆరంభమైనది కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. పొలం పని తగ్గి, మోటారు బండి వాడకం పెరిగిన పల్లెలకు కూడ ఈ జబ్బు వచ్చి చేరింది. వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. జిల్లా కేంద్రపు నడక దారి కుందారపల్లి ఇల్లాలికి అందదు. ఆమె ఊరి బాట బాగుంటే వేరే దారి అవసరమే లేదు.

నెలకు ఒకసారి ఊరి బాటలన్నీ నడిచే పదిమంది బృందం మూడు పనులు ఏకకాలంలో నెరవేర్చగలదు. ఒకటి ఆరోగ్యం. రెండు, కొడవలి, పార చేతబట్టి ముళ్లకంపను తొలగించడం, గుంటలు పూడ్చడం, నీరు పోయే కాలువ తీయడం. మూడు, ఏ తేదీన ఏ బాట నడిచారో, ఎక్కడ అడ్డు ఉందో ఒక నోటుపుస్తకంలో రాసి ఫోటో తీసి ఉంచడం. రేపు న్యాయస్థానంలో వాడుకను రుజువు చేయవలసి వచ్చినపుడు ఆ నోటుపుస్తకం ముసలివారి జ్ఞాపకానికి తోడుగా నిలుస్తుంది. ఇందుకు కొత్త సంస్థలు పెట్టనక్కర లేదు. తమిళనాట మహిళా స్వయం సహాయక సంఘాల పథకం 1989లో తొలుత మొదలైనది ఉమ్మడి ధర్మపురి జిల్లాలోనే. ఆ సంఘాలు నేటికీ ఊరూరా ఉన్నాయి.

జాగ్రత్తలు, హద్దులు

ఉత్సాహానికి హద్దులు కూడ ఉండాలి. శీతకాలంలో బన్నేరుఘట్ట వైపునుంచి ఏనుగుల మందలు హోసూరు, శూలగిరి మీదుగా వస్తాయి. వేపనపల్లి పరిసరాలలోనూ తిరుగుతాయి. ఆ నెలలలో పొద్దు పొడవకముందు, పొద్దు గూకిన తరువాత బృందంగానైనా బాట పట్టడం ప్రమాదం. అటవీ సిబ్బందిని అడిగి బయలుదేరడమే క్షేమం. పొదలు నరికేవారు కాళ్లకు బూట్లు తొడగాలి. 2024 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం పాముకాటును తప్పక నివేదించవలసిన అంశంగా ప్రకటించింది. కాటు పడితే మంత్రాలవాడిని కాక ఆసుపత్రిని ఆశ్రయించాలి.

రైతు పక్షాన ఉన్న న్యాయాన్ని కూడ విస్మరించరాదు. బాట పేరుతో మందలను పంటలోకి వదిలితే, మామిడి కాయలు కోసుకొనిపోతే ఏ యజమాని కంచె వేయకుండా ఉంటాడు? బాట వెడల్పు ఎంతో, ఏ గట్టు వెంబడి వెళ్లాలో పెద్దల సమక్షంలో తేల్చుకొని కాగితం మీద రాసుకోవడం ఇరుపక్షాలకూ మేలు. పంటకు అడ్డు వచ్చే చోట బాటను గట్టువైపు జరపడానికి నడిచేవారు అంగీకరించాలి. జరిపిన బాటను మళ్లీ మూయనని యజమాని మాట ఇవ్వాలి.

అన్నిటికన్న ముఖ్యమైన హద్దు ఒకటి. శ్రమదానం పాలకుల బాధ్యతకు ప్రత్యామ్నాయం కారాదు. కల్వర్టు కట్టడం, కోతపడిన గట్టును నిలబెట్టడం, సర్వే చేసి హద్దురాళ్లు నాటడం స్వచ్ఛంద సేవకుల పనులు కావు. 2019 డిసెంబరులో ఎన్నికైన గ్రామ పంచాయతీల పదవీకాలం 2025 జనవరి 5తో ముగిసి, పాలన ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లింది. ఓటు అడగనక్కర లేని అధికారికి ఊరి బాట గుర్తు చేయవలసిన భారం ఊరిమీదనే పడింది.

చేయవలసినది

తమిళనాడులో గ్రామసభలు ఏటా ఆరుసార్లు జరగాలి. జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. తరువాతి సభలోపల ప్రతి ఊరు తన బాటల జాబితాను తయారుచేసుకోవచ్చు. పొలం కొలతల పటం, ఎ-రిజిస్టరు నేడు అంతర్జాలంలోనే లభిస్తున్నాయి. హైస్కూలు చదివే పిల్లలు వాటిని తీసి చూపగలరు. ఏ బాట రికార్డులో ఉంది, ఏది వాడుకలో ఉంది, ఏది మూతపడింది అని మూడు వరుసలుగా రాసి, తీర్మానం చేయించి, నకలును గ్రామ పరిపాలనాధికారికి, తాసిల్దారుకు పంపి రసీదు తీసుకోవాలి. శ్మశానానికి, బడికి, మంచినీటికి వెళ్లే బాటలను జాబితాలో మొదట ఉంచాలి.

తారు రోడ్డు సర్కారు ఇచ్చింది. కాలిబాటను తాతలు నడిచి ఇచ్చారు. సర్కారు రోడ్డు చెడితే అడగడానికి ఒక శాఖ ఉంది. తాతలు ఇచ్చిన బాట చెడితే అడగవలసినవారు మనుమలే. ఈ నెలలో ఒక ఆదివారం ఒక పూట పదిమంది కలిసి నడిస్తే, ఏ బాట మిగిలి ఉందో, ఏది పోయిందో ఊరికి తెలిసివస్తుంది. పని అక్కడినుంచి మొదలుకావాలి.